నేత అని రాస్తే సరిపోదు: షోలాపూర్ తెలుగు మగవాళ్ల పనులు, తరగతులు

తండ్రి వృత్తి ఏమిటని అడిగే కాగితం ఏదైనా సరే, మహారాష్ట్రలోని షోలాపూర్ తూర్పు పేటల్లో ఉండే తెలుగు కుటుంబాలు తరాలుగా ఒకే మాట రాయించుకుంటూ వచ్చాయి: విణకర్. మరాఠీలో నేతగాడు అని. ఆ మాట రాయించిన వాళ్లలో ఒకతని షెడ్డులో ఇరవై మగ్గాలు ఉండొచ్చు. ఇంకొకతను మిల్లులో మగ్గాలు నడిపి నెలకు పగారు, ఏడాదికి బోనసు తెచ్చుకునేవాడు కావొచ్చు. మూడో అతను మొదటివాడి షెడ్డులో పగలంతా నేసి, రాత్రికి ఆ మగ్గం పక్కనే చాప పరచుకుని పడుకునేవాడు. నాలుగో అతను తెల్లవారకముందే మిల్లు గేటు దగ్గర నిలబడి, ఇవాళ ఎవరు పనికి రాలేదో, ఆ చోటు తనకు దొరుకుతుందో లేదో అని చూసే బదిలీ మనిషి. నలుగురిదీ ఒకే కులం. ఇద్దరు ముగ్గురిది ఒకే ఇంటిపేరు కూడా కావొచ్చు. లెక్కలు రాసుకునేవాడికి మాత్రం నలుగురూ ఒకే గడిలోకి వస్తారు.

పాత పారిశ్రామిక పట్టణాల సమాజాన్ని చదివేటప్పుడు మగవాళ్ల వృత్తులను జాబితా వేసి, వాటిని మెట్లుగా పేర్చడం అలవాటైన పద్ధతి. పైన యజమానులు, ప్లీడర్లు, డాక్టర్లు. తర్వాత గుమస్తాలు, దుకాణదారులు. ఆ కింద పనితనం ఉన్న కార్మికులు, అట్టడుగున కూలీలు. ఫ్యాక్టరీ గోడ బయట పెద్దగా పరిశ్రమ లేని ఊరికి ఈ పద్ధతి కొంతవరకు నప్పుతుంది. షోలాపూర్‌కు నప్పదు. ఇక్కడ పని పేరు చూసి తరగతి చెప్పలేం. మగ్గం ఎవరిది, బాకీ ఎవరికి, రాత్రి పడక ఎక్కడ, ఇంట్లో ఆడవాళ్లు ఏం చేస్తున్నారు అన్నవి కలిపి చూస్తేనే ఆ మనిషి ఏ మెట్టు మీద ఉన్నాడో తెలుస్తుంది. వీటిలో చివరి ప్రశ్నను మగవాళ్ల వృత్తుల జాబితాలు అసలు అడగవు. షోలాపూర్‌లో అన్నిటికన్నా ఎక్కువ విషయం చెప్పేది అదే.

ఊరు ఎలా పెరిగిందో చూస్తే ఈ చిక్కు ఎక్కడ మొదలైందో అర్థమవుతుంది. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే 1860లో షోలాపూర్ చేరింది. అదే లైను రాయచూరు దాకా వెళ్లి మద్రాసు రైల్వేతో కలిసింది 1871లో. మధ్యలో ఉన్న ఆ పదేళ్లు దక్కన్ పత్తి బొంబాయికి పోవడానికి ఈ ఊరు పెద్ద దారి. సరిగ్గా అప్పుడే అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి పత్తి ధరలు మండిపోయాయి. చుట్టూ నల్లరేగడి, పక్కనే రైలు, చేతిలో పత్తి డబ్బు. మిల్లుకు ఇంకేం కావాలి? షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు 1874లో పుట్టి, 1877లో నడక మొదలుపెట్టింది. ఆ తర్వాత లక్ష్మి, నర్సింగ్‌గిర్జీ, విష్ణు, జామ్ మిల్లులు ఒక్కొక్కటిగా వచ్చాక మొదటిదానికి జునీ గిరణి, అంటే పాత మిల్లు అన్న పేరు స్థిరపడింది. 1901 నాటికి ఊరి జనాభా సుమారు 75 వేలు. 2011 లెక్కల్లో అది తొమ్మిదిన్నర లక్షలు.

తెలుగు పద్మశాలీలు నిజాం రాజ్యంలోని కరీంనగర్, నల్గొండ, మెదక్, పాలమూరు, వరంగల్ వైపుల నుంచి వచ్చారు. సికింద్రాబాద్ నుంచి వాడి జంక్షన్ దాకా నిజాం రైల్వే 1874లో పడింది. వరంగల్‌కు 1886లో, బెజవాడకు 1889లో రైలు చేరింది. అంటే తెలంగాణ పల్లెలో మగ్గం ఆగిపోయిన మనిషి సికింద్రాబాద్ చేరుకుంటే చాలు, వాడి జంక్షన్‌లో బండి మారి, షోలాపూర్‌లో దిగొచ్చు. నిజాం సరిహద్దు దాటితే బ్రిటిష్ ఏలుబడి. అక్కడ మిల్లు నూలు చౌక, దాన్ని కొనే నేత పేటలు ఉన్నాయి, చీరలు కొనే మరాఠీ, కన్నడ పల్లెలు చుట్టూ ఉన్నాయి. 1876-78 కరువు దక్కన్ అంతటినీ ఊడ్చేసింది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు రావడమే తప్ప వలస ఆగలేదు. వచ్చినవాడు బావ ఇంట్లోనో మేనమామ కార్ఖానాలోనో దిగాడు. ఆ మొదటి రాత్రి ఎవరి ఇంట్లో పడుకున్నాడన్నదే తర్వాత ముప్పై ఏళ్లు అతని తరగతిని చాలావరకు తేల్చేసింది.

ఆ కాలంలో వచ్చిన తెలుగువాళ్లందరూ సాలెలే అనుకుంటే పొరపాటు. ఒడ్డెరలు వచ్చారు. మరాఠీలో వాళ్లను వడార్ అంటారు, ఇంట్లో మాట్లాడేది తెలుగు యాసే. రాయి కొట్టడం, మట్టి పని, బావులు తవ్వడం వాళ్లది. షోలాపూర్ పద్మశాలీ పెద్దలు ఊళ్లో తెలుగు సమాజం అన్నప్పుడు ఒడ్డెరను లెక్కలో వేసుకునేవాళ్లు కాదు. తెలుగు మాట్లాడడం ఒకటి, తెలుగు సమాజంలో ఉండడం మరొకటి. ఇదీ తరగతి గొడవే, కాకపోతే కులం చొక్కా తొడుక్కుంది.

ఇక మిల్లు సంగతి. మిల్లులో మెట్లు స్పష్టంగా కనిపించేవి. మేనేజరు, వీవింగ్ మాస్టరు, ఆఫీసు గుమస్తాలు పైన. చదువు, ఇంగ్లీషు, పట్నపు కులాలు కలిసిన అంతస్తు అది. కింద ఖాతాలు, అంటే పని విభాగాలు. పత్తి విదిలించే బ్లోరూమ్‌లో దుమ్ము ఎక్కువ, కూలీ తక్కువ. పత్తిని దువ్వే కార్డింగ్, నూలు వడికే రింగ్ ఫ్రేములు కాస్త నయం. కండెలు చుట్టే వైండింగ్‌లో ఆడవాళ్లు. పడుగుకు గంజి పెట్టే సైజింగ్‌లో మనుషులు తక్కువ, పనితనం ఎక్కువ, పగారు కూడా మంచిదే. నేత ఖాతాలో ముక్క లెక్కన కూలీ. ఎన్ని గజాలు దిగితే అంత. చెయ్యి తిరిగిన నేతగాడికి నెలాఖరుకు వచ్చేది, రింగ్ పక్కన గంటల లెక్కన నిలబడేవాడికి వచ్చేదానికన్నా ఎక్కువ. కానీ దారం నాసిరకమైతే, పడుగు తెగుతూ ఉంటే ఆ నెల నష్టం అతనిదే. తయారైన గుడ్డలో తప్పు కనిపిస్తే జరిమానా కూడా అతనికే.

నేత ఖాతాలోకి ఎవరికి ప్రవేశం అన్నది పనితనం మీద మాత్రమే ఆధారపడలేదు. పడుగు మధ్య అటూ ఇటూ దారం మోసుకుపోయే నాడెలో కొత్త కండె పెట్టాక, దారం కొసను నాడె కన్నులోంచి నోటితో పీల్చి బయటికి తీయాలి. ఒకరు పీల్చిన నాడె ఇంకొకరి చేతికి వస్తుంది. బొంబాయి మిల్లుల్లో ఈ ఎంగిలి కారణం చూపించే దళితులను నేత ఖాతాలోకి రానివ్వలేదు. ఆ ఖాతాలో కూలీ ఎక్కువ కాబట్టి ఆ ఎంగిలి విలువ ఎంతో లెక్కకట్టొచ్చు. 1928-29 సమ్మెల రోజుల్లో అంబేద్కర్ ఈ విషయాన్ని గట్టిగా లేవనెత్తారు. ఒకరి నోటి నుంచి ఇంకొకరికి క్షయ అంటుకుంటుందన్న భయం మాత్రం నాడెను అందరూ పీల్చినన్నాళ్లూ ఎవరినీ ఆపలేదు. షోలాపూర్ వచ్చిన సాలె కుర్రాడికి ఈ ఖాతా తలుపు పుట్టుకతోనే తెరిచి ఉంది. వేళ్లకు పని తెలుసు, కులం అడ్డు రాదు. తెలుగువాళ్లకు నేత ఖాతాలో చోటు దొరకడంలో పనితనం పాలెంత, అడ్డంకి లేకపోవడం పాలెంత అన్నది విడదీయడం కష్టం. రెండోదాన్ని పూర్తిగా మర్చిపోయి మొదటిదాన్ని మాత్రమే చెప్పుకోవడం అయితే చాలా తేలిక.

ఖాతాలో అసలు అధికారం జాబర్‌ది. పేరుకు కార్మికుడే. మిల్లు పుస్తకంలో పగారు తీసుకునేవాడే. కానీ పనిలో పెట్టుకునేది అతను, తీసేసేది అతను, సెలవు ఇచ్చేది అతను. బదిలీ మనుషులు గేటు దగ్గర ఎదురు చూసేది మేనేజరు కోసం కాదు, జాబర్ కంటిచూపు కోసం. దానికి దస్తూరీ, అంటే మామూలు ఇవ్వాలి. అతను నడిపే చీటీలో చేరాలి, అతను వడ్డీకి ఇచ్చే అప్పు తీసుకోవాలి. తెలుగు జాబర్ ఉన్న ఖాతాలో తెలుగువాళ్లు, కన్నడ జాబర్ ఉన్నచోట కన్నడిగులు గుంపుగా కనిపించడానికి కారణం ఇదే. ఇక్కడ ఒక చిన్న తమాషా ఉంది. అదే జాబర్ అన్న మాట మరమగ్గాల షెడ్డులోకి వచ్చేసరికి అర్థం మారిపోయింది. అక్కడ జాబర్ అంటే పాడైన సాంచెను, అంటే మరమగ్గాన్ని, బాగుచేసే మెకానిక్. చేతికి గ్రీజు, జేబులో పానా. పని పేరు అదే, ఒకచోట దొర, ఇంకోచోట మేస్త్రీ. వృత్తుల జాబితాను కాలం చూడకుండా చదివితే ఇలాంటి చోట జారిపడతాం.

మిల్లు మెట్లలో అట్టడుగున ఇంకో వరస ఉంది. కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్తులుగా ముద్ర వేసిన బ్రిటిష్ కాలపు నేరస్త తెగల చట్టం కింద ముళ్లకంచె లోపల ఉంచిన కుటుంబాలు. షోలాపూర్‌లో ఉన్నది బొంబాయి రాష్ట్రంలోని పెద్ద సెటిల్‌మెంట్లలో ఒకటి. హాజరు వేయించుకుని, చీటీ చూపించి బయటికి వచ్చి, మిల్లులో పని చేసి మళ్లీ కంచె లోపలికి పోవాలి. మిల్లుకు తప్పించుకుపోలేని కూలీలు దొరికారు, సర్కారుకు సంస్కరణ చేశామన్న పేరు దక్కింది. ఆ చట్టాన్ని దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దు చేశారు. ఆ పేటను ఇప్పటికీ సెటిల్‌మెంట్ అనే పిలుస్తారు. వాళ్ల పనిని కూడా లెక్కల్లో మిల్లు కార్మికుడు అనే రాసుకోవచ్చు. అదే ఖాతాలో పక్క రింగ్ దగ్గర నిలబడే మనిషి పని అయ్యాక తన ఇంటికి పోతాడు.

షోలాపూర్ కూలీ బొంబాయి కూలీ కన్నా తక్కువ. అయినా మిల్లులో పాస్ ఉన్న మనిషికి ఊళ్లో గౌరవం ఉండేది. పని గంటలకు చట్టం ఉంది. 1911 చట్టం గుడ్డ మిల్లుల్లో మగవాళ్లకు రోజుకు 12 గంటలని హద్దు పెట్టింది. 1922లో అది 11 గంటలు, వారానికి 60 అయింది. 1934లో రోజుకు 10, వారానికి 54. 1948లో 9, 48. ఆ తర్వాత ఈఎస్ఐ, ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ ఒక్కొక్కటిగా వచ్చాయి. సొంత మగ్గం లేని మిల్లు కార్మికుడు, సొంత మగ్గం ఉన్న చేనేత మనిషి కన్నా పిల్లనివ్వడానికి మంచి సంబంధం అనిపించుకున్నాడు. ఉత్పత్తి సాధనం ఎవరి చేతిలో ఉంటే వాడే పైతరగతి అన్న పుస్తకం లెక్క ఇక్కడ తలకిందులైంది. ఒక్క మగ్గానికి యజమాని అయినవాడు నిజానికి నూలు వర్తకుడికి ఉన్న బాకీకి కూడా యజమానే.

కార్ఖానాలోకి వస్తే ఈ లెక్కలు ఇంకా ముడిపడతాయి. షోలాపూర్ చేనేత అంతా ఒకప్పుడు ఇంట్లోనే. మొగుడు నేస్తాడు, పెళ్లాం కండెలు చుడుతుంది, పిల్లలు అందిస్తారు. మరాఠీ ఆడవాళ్లు కట్టే తొమ్మిది గజాల నూలు చీరలు ప్రధాన సరుకు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో, ముఖ్యంగా రెండు ప్రపంచ యుద్ధాల మధ్య, ఈ ఇంటి మగ్గాలు చేరి చేరి కార్ఖానాలయ్యాయి. నూలు అరువుకు తెచ్చుకోగలిగిన, చీరలను దూరపు సంతలకు పంపగలిగిన సాలె కుటుంబం ఒక్కటి పది, ఇరవై, యాభై మగ్గాలు ఒకే కప్పు కింద పెట్టింది. తెలంగాణ నుంచి కొత్తగా వచ్చిన మనిషిని మగ్గం మీద కూర్చోబెట్టింది. అతనికి ఇల్లు లేదు కాబట్టి అక్కడే చోటు ఇచ్చింది. పెళ్లి ఖర్చుకు, తల్లి చావు ఖర్చుకు, ఊరెళ్లడానికి అడ్వాన్సు ఇచ్చింది. అదే బాకీ.

బాకీని అప్పు అనుకుంటే దాని తీరు అర్థం కాదు. అప్పు తీరాలని ఇస్తారు. కార్ఖానా బాకీ తీరకూడదని ఇస్తారు. వారం వారం కూలీలో కొంచెం కోసుకుంటారు, పండగకు మళ్లీ కొంచెం ఇస్తారు. ఇంకో కార్ఖానాకు పోవాలంటే కొత్త కార్ఖానాదారు పాత బాకీ కట్టి తీసుకుపోవాలి. మనిషి చేతులు మారితే అతనితోపాటు బాకీ కూడా చేతులు మారుతుంది. దీనికి ఇంకో వైపు ఉంది, దాన్ని కూడా చెప్పాలి. బాకీ ఇచ్చే కార్ఖానాదారు దొరకడమే ఒక హామీ. ఎవరూ బాకీ ఇవ్వని మనిషి అంటే ఎవరికీ అక్కర్లేని మనిషి. వయసు మళ్లి చేతి వేగం తగ్గినప్పుడు నేతగాడికి ఆ సంగతి మొదట తెలిసేది అక్కడే. అడిగినంత అడ్వాన్సు పుట్టదు.

కూలీకీ యజమానికీ మధ్య పిలుపు మామా, కాకా, అన్నా. దొరవారూ అన్న పిలుపు లేదు, సేఠ్ అన్నది కూడా తర్వాతి తరంలో వచ్చిన మాట. ఇద్దరూ ఒకే తానులో ముక్కలు. ఈ చుట్టరికం రెండు వైపులా పదునున్న కత్తి. కూలీ పెంచమని అడిగితే, ఊరు నుంచి నిన్ను తీసుకొచ్చింది ఎవరురా అన్న ప్రశ్న వస్తుంది. అదే చుట్టరికాన్ని పట్టుకుని కూలీ వైపు మనిషి కూడా, నీ తమ్ముడి పెళ్లికి మగ్గం దిగి వచ్చింది ఎవరు అని అడగగలడు. మిల్లులో సమ్మె అంటే గేటుకు అవతల వాళ్లు, ఇవతల మేము. 1934లో షోలాపూర్ మిల్లు కార్మికులు చేసింది అలాంటి సమ్మె. కార్ఖానాలో సమ్మె అంటే పెళ్లి పందిట్లో మాటలు ఆగిపోవడం.

చట్టం ఈ తేడాను ఇంకా పెంచింది. 1881 ఫ్యాక్టరీ చట్టం యంత్రబలం వాడుతూ వందమందిని పెట్టుకున్న చోట్లకే వర్తించింది. 1891లో ఆ సంఖ్య యాభైకి, 1922లో ఇరవైకి దిగింది. చేతి మగ్గానికి ఇంజను లేదు కాబట్టి యాభై మగ్గాల కార్ఖానా కూడా ఈ లెక్కలో ఫ్యాక్టరీ కాదు, ఇల్లు. అందులో పద్నాలుగు గంటలు నేసినా అది ఇంటి పనే. 1948 చట్టం వచ్చాక కరెంటు ఉంటే పదిమంది, లేకపోతే ఇరవైమంది దాటితే ఫ్యాక్టరీ అన్నారు. అప్పటికే చేతి మగ్గాల స్థానంలో కరెంటు సాంచెలు రావడం మొదలైంది. దానికి విరుగుడు కూడా వెంటనే కనిపెట్టారు. ఒకే షెడ్డును కాగితం మీద నాలుగు యూనిట్లు చేశారు. ఒకటి అన్న పేర, ఒకటి తమ్ముడి పేర, మిగతావి ఆడవాళ్ల పేర. ఒక్కోదాంట్లో పదికి తక్కువే మనుషులు. మధ్యలో గోడ కూడా అక్కర్లేదు, కరెంటు మీటర్లు వేరైతే చాలు. మిల్లు మనిషికి, కార్ఖానా మనిషికి మధ్య తరగతి తేడాను గీసింది పనితనం కాదు, ఈ అంకెలు.

ఇన్ని అడ్డంకులున్నా పైకి వచ్చినవాళ్లు లేకపోలేదు. షోలాపూర్‌ను తెలుగువాళ్ల ఊహలో నిలబెట్టింది కూడా ఆ కథలే. దారి దాదాపు అందరిదీ ఒకటే. నేతగాడు ముందు పనిలో లోతు తెలుసుకుంటాడు. గుడ్డ మీద డిజైను వచ్చేలా చేసే జకార్డ్ అట్టలు గుద్దడం, పడుగు పట్టడం, సాంచె బాగుచేయడం లాంటిది ఏదో ఒకటి చేతికి వస్తుంది. తర్వాత పాత సాంచెలు రెండు వాయిదాల మీద తీసుకుంటాడు. నూలు వేరేవాడిది, గుడ్డ వేరేవాడిది, ఇతనికి వచ్చేది నేత కూలీ మాత్రమే. కార్డు మీద యజమాని, లోపల కూలీ. ఇక్కడ రెండు మూడేళ్లు నూలు ధర తిన్నగా ఉంటే రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. నూలు ధర ఒక్కసారి ఎగిరితే సాంచెలు అమ్మేసి మళ్లీ మామ షెడ్డుకే వెళ్లాలి. ఒకే మనిషి జీవితంలో రెండుసార్లు యజమాని, మూడుసార్లు కూలీ కావడం ఈ ఊళ్లో వింత కాదు. జనాభా లెక్కలు పదేళ్లకోసారి వస్తాయి. ఆ రోజు అతను ఏ మెట్టు మీద ఉంటే అదే అతని తరగతి అని రాసుకుని పోతాయి.

స్వాతంత్ర్యం తర్వాత చీరల మార్కెట్టు కుంగిపోతుంటే దుప్పట్లు ఆదుకున్నాయి. జకార్డ్ మీద నేసే షోలాపూర్ చద్దరు, ఆ తర్వాత టర్కీ టవల్ ఊరికి కొత్త పేరు తెచ్చాయి. రెండింటికీ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కల్‌కోట్ రోడ్డులోని ఎంఐడీసీ పారిశ్రామిక వాడలో షెడ్లు లేచాయి. కార్ఖానాదారుల్లో పైవరస ఎగుమతిదారులయ్యారు. సిరిసిల్ల సాంచెలకు కూడా ఈ ఊరికి, ముంబై దగ్గరి భివండీకి వలస పోయి పని నేర్చుకుని తిరిగొచ్చిన మనుషులతో సంబంధం ఉంది. అదే కాలంలో మిల్లులు ఒక్కొక్కటిగా పడిపోయాయి. జునీ గిరణి 1949లోనే మూతపడింది. దాన్ని నడిపించడానికి కేంద్రం 1950లో ప్రత్యేకంగా ఆర్డినెన్సు తెచ్చింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లి, ఆస్తి హక్కు మీద దేశంలో తొలి పెద్ద కేసుల్లో ఒకటైంది. లా కాలేజీ పిల్లలు ఆ కేసు చదువుతారు, అది గేటు బయట నిలబడిన మనుషుల కథ అని తెలియకుండానే. ఆ మిల్లు ఎక్కువ కాలం నిలవలేదు. మిగతా మిల్లుల్లో చాలావరకు 1990ల తర్వాత ఆగిపోయాయి. పాస్ ఉన్న మనిషి కొడుకు సాంచె మీదికి వచ్చాడు. తండ్రికి ఉన్న గ్రాట్యుటీ కొడుక్కు లేదు. ఇద్దరూ విణకర్లే.

శ్రావణ పౌర్ణమి నాడు మార్కండేయ రథం తూర్పు పేటల్లోంచి కదులుతుంది. దారిపొడవునా కార్ఖానాదారులు, సాంచె కార్మికులు, బదిలీ మనుషులు, ఆడవాళ్లు, పిల్లలు అందరూ ఉంటారు. ఆ రోజు చూసినవాడికి తెలుగు సమాజం ఒక్కటిగానే కనిపిస్తుంది. ఓటు పెట్టెలో మాత్రం అంత ఒక్కటిగా లేదు. ఇదే సమాజం నుంచి గంగాధర్ కూచన్, ధర్మణ్ణ సాదుల్ కాంగ్రెస్ తరఫున, లింగరాజ్ వల్యాల్ బీజేపీ తరఫున లోక్‌సభకు వెళ్లారు. ఇదే సమాజం నుంచి వచ్చిన నర్సయ్య ఆడం ఎర్రజెండా పట్టుకుని ఒకటికన్నా ఎక్కువసార్లు శాసనసభకు గెలిచారు. గాజుల గాజుల్ అయింది, సాదుల సాదుల్ అయింది. ఇంటిపేర్ల చివరి అచ్చును మరాఠీ మింగేసింది కానీ, కార్ఖానా మింగిన కూలీ లెక్క మాత్రం జనం మర్చిపోలేదని ఆ ఓట్లు చెబుతాయి.

ఆడం వెనక నిలబడ్డవాళ్లలో పెద్ద భాగం ఆడవాళ్లు. మొదట్లో పక్కన పెట్టిన నాలుగో ప్రశ్న ఇక్కడికే వచ్చి ఆగుతుంది. ఇంటి మగ్గం ఉన్నన్నాళ్లూ ఆడమనిషి చుట్టిన కండెకు విడిగా కూలీ లేదు, అది మొగుడి కూలీలో కలిసిపోయేది. కార్ఖానాలు, సాంచెలు వచ్చాక కండె పని చాలావరకు యంత్రానికి పోయింది. తెలుగు ఆడవాళ్లు బీడీల చేటలు ఒళ్లోకి తీసుకున్నారు. తునికాకు, తంబాకు బీడీ కంపెనీ బ్రాంచిలో తూకం వేసి ఇస్తారు, వెయ్యి బీడీలకు ఇంత అని కూలీ. బాగాలేవని పక్కన పెట్టిన బీడీలకు పైసా రాదు. ఆ పక్కన పెట్టేది బ్రాంచిలో కూర్చున్న మగమనిషి. పని దుమ్ము, దగ్గు, నడుం నొప్పి. కూలీ ఎప్పుడూ చాలదు. కానీ 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. 1976లో సంక్షేమ నిధి. 1977లో ప్రావిడెంట్ ఫండు బీడీ పరిశ్రమకు కూడా వర్తింపజేశారు. అన్ని ఫ్యాక్టరీలూ ఆ చట్టాలను మనస్ఫూర్తిగా పాటించాయని కాదు. కొట్లాడి తెచ్చుకున్నవే ఎక్కువ.

ఫలితంగా విచిత్రమైన పరిస్థితి ఏర్పడింది. సాంచె మీద పన్నెండు గంటలు నిలబడే మగవాడి దగ్గర తాను ఫలానా చోట పని చేస్తున్నానని చూపించే కాగితం ముక్క లేదు. ఇంట్లో గడప దగ్గర కూర్చుని బీడీ చుట్టే ఆమె దగ్గర పీఎఫ్ నంబరు, కార్డు ఉన్నాయి. ఆస్పత్రి కార్డు ఆమె పేర. పిల్లల స్కాలర్‌షిప్పుకు అర్జీ పెట్టాలంటే ఆమె కార్డు కావాలి. కుంభారి దగ్గర బీడీ ఆడవాళ్ల కోసం కామ్రేడ్ గోదావరి పరులేకర్ పేరుతో సుమారు పది వేల ఇళ్లు కట్టినప్పుడు అర్హత తేల్చింది మొగుడి మగ్గం కాదు. మగవాళ్ల వృత్తుల జాబితా ఆ ఇంటిని నేత కార్మికుడి ఇల్లు అని రాస్తుంది. ఆ ఇంటికి కప్పు వచ్చింది బీడీ వల్ల. వందేళ్లుగా తరగతిని తండ్రి పని పేరుతో కొలుస్తున్న పద్ధతికి ఇంతకన్నా గట్టి దెబ్బ దొరకదు.

సంపాదన పోయిందా, నేత పని తరగతిగా కిందికి జారిందా అన్న వాదన షోలాపూర్‌లో ఇంకా నడుస్తూనే ఉంది. పానిపట్ నుంచి చౌక దుప్పట్లు వచ్చి షోలాపూర్ పేరుతోనే అమ్ముడవుతున్నాయి, చద్దర్ల సాంచెలు తగ్గాయి, స్కూలు యూనిఫాంల కుట్టు పని పెరిగింది. చదువుకున్న పిల్లలు పుణె, హైదరాబాద్ దారి పట్టారు. కార్ఖానాదారుల కొడుకులు కొందరు షెడ్డును గోదాముగా అద్దెకిచ్చి ఊరుకున్నారు.

2024 జనవరి 19న అదే కుంభారి వైపు రేనగర్‌లో 30 వేల ఇళ్ల పథకం కింద 15 వేల ఇళ్లు అందజేశారు. లబ్ధిదారులు ఎవరో చెబుతూ సర్కారు ఒక వరస చదివింది: చేనేత కార్మికులు, చిల్లర వ్యాపారులు, పవర్‌లూమ్ కార్మికులు, చెత్త ఏరుకునేవాళ్లు, బీడీ కార్మికులు, డ్రైవర్లు. ఒకప్పుడు ఎంగిలి పేరుతో ఇంకొకరిని తలుపు బయట నిలబెట్టిన నేత ఖాతా మనిషి మనవడు ఇప్పుడు ఆ వరసలో చిల్లర వ్యాపారికీ చెత్త ఏరే మనిషికీ మధ్య ఉన్నాడు. అతని సాంచె ఉన్న షెడ్డు మాత్రం ఊళ్లోనే ఉంది. పొద్దున షిఫ్టుకు అందుకోవాలంటే చీకటితో లేచి బయలుదేరాలి.